పగడాల సముద్రానికి ప్రయాణం కట్టిన రోజులు

మొన్న ఆదివారం మా అమ్మాయి హన్మకొండ నుంచి వచ్చి, నేను చాయ్ తాగడం పూర్తి చేసేలోగానే అండమాన్‌కు విమానం టికెట్లు, అక్కడ ఉండటానికి హోటలు, అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చొని పగడపు దిబ్బలు చూడటానికి ఇంకో టికెట్టు, అన్నీ ఫోన్లోనే తీసేసి, "అయిపోయింది డాడీ, వచ్చే నెల పోతున్నం" అని ఆ ఫోన్‌ను మంచం మీద పడేసి పప్పులో పోపు వేయడానికి లోపలికి పోయింది. సంతోషపడాల్సిన మాటే. కాని నాకు సంతోషం కన్నా ముందు ఆయాసం వచ్చింది. మందుల డబ్బా సర్దుకోవడం, తెల్లవారకముందే లేచి హైదరాబాద్‌కు కారులో పడి పోవడం, విమానం మెట్లు, పడవ మెట్లు, ఈ మోకాళ్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. అమ్మాయి వంటింట్లోంచి తొంగి చూసి, "ఏంది డాడీ, ఖుషీ లేదా?" అంటే ఏదో నవ్వాను. ఈ పగడాల సముద్రం చూడటానికే ఒకప్పుడు మా ఇంట్లో ఒక మనిషి ఏళ్ల తరబడి ప్రయాణం కట్టిందనీ, ఆ ప్రయాణపు అలసట ఇంకా నా ఒంట్లోనే ఉన్నదనీ ఆ పిల్లకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పేది? నా ఈడు వాళ్లు మీరైతే కాస్త ఓపికగా వింటారని ఇలా కూర్చున్నాను.

ఆ మనిషి మా మేనత్త, మా నాయనకు సొంత అక్క. వరంగల్ చౌరస్తాకు దగ్గరలో ఒక ఇరుకు సందులో మాకు గాజులు, పూసల దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనుక ఇల్లు, నడుమ ఒక చీకటి గది. ఆ గదిలో కిటికీ కింద చాప వేసుకొని, వెదురు చాటలో పూసలు పోసుకొని అత్త కూర్చునేది. ఆడవాళ్ల మెడల్లోకి పోయే దండలన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. పగడాలకు బెజ్జం సరిచూడటం, సైజు ఏరడం, దారం ఎక్కించడం ఆమె పని. పుస్తెల తాడైతే మాత్రం చివరి ముడి వేయడానికి మా అమ్మను పిలిచేది, అది ముత్తైదువ చేతనే పడాలని. ఆ పిలుపులో ఏ నొప్పీ వినిపించేది కాదు. పొయ్యి మీద పాలు చూడమని పిలిచినట్టే పిలిచేది.

చిన్నతనంలో ఆమె జాతకం చూసి కుజదోషం ఉందన్నారట. దోషం పోవాలంటే పగడం పెట్టాలన్నారు. పూసల దుకాణంలో పగడానికి కొదవేముంది, మా తాత మేలైన పగడం ఒకటి ఏరి, ఉంగరం చేయించి, మంగళవారం పూట ఆమె వేలికి పెట్టించాడు. పగడం తన పని తాను చేసిందో లేదో ఆ కుజుడికే తెలియాలి, వచ్చిన సంబంధాలు మాత్రం వచ్చినట్టే తిరిగి పోయాయి. తర్వాత తాత పోయాడు, మా నాయన పెళ్లయింది, మేము పుట్టాము, ఆమె పెళ్లి ఎవరూ ఎత్తని మాట అయిపోయింది. పెళ్లి కాకపోయినా సంసారం మాత్రం ఆమెను వదల్లేదు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు పురిటికొచ్చినా, ఎవరింటికి చుట్టాలొచ్చినా, ముందు అత్త కావాలి. నోరు కాస్త పదునే. కాని ఆ నోటికి భయపడినవాళ్లను నేను చూడలేదు, ఎందుకంటే తిట్టేలోగానే పని చేసి పెట్టేది.

డెబ్బైల నడుమ నేను హన్మకొండలో బీఎస్సీ చదువుతుండేవాణ్ని. ఒకరోజు జంతుశాస్త్రం ప్రాక్టికల్స్‌లో గాజు సీసాలో తెల్లటి రాయి వంటి దాన్ని చూపించి, ఇది రాయి కాదు, కంటికి ఆనీ ఆననంత చిన్న జీవులు గుంపుగా చేరి కట్టుకున్న ఇల్లు, ఇదే పగడపు దిబ్బ అని మా లెక్చరర్ చెప్పారు. సముద్రం తేటగా ఉన్న రోజుల్లో రామేశ్వరం దగ్గర చేపల పడవలో పోతే నీళ్లలో కిందికి వంగి ఇవి చూడవచ్చని కూడా అన్నారు. పూసల దుకాణంలో పుట్టి పెరిగి పగడం బతికేదని నాకు అప్పటిదాకా తెలియకపోవడం నాకే సిగ్గనిపించింది. ఇంటికి రాగానే చాప దగ్గర కూర్చొని అత్తకు చెప్పాను. దారం కొసను తడుపుకుంటున్నదల్లా ఆగిపోయి, వేలికున్న ఉంగరాన్ని వెలుతురుకు తిప్పి చూసుకుంది.

"అంటే ఇది ఒకరి ఇల్లారా? ఒకరి ఇల్లు కూలగొట్టి నా వేలికి వెట్టిండ్రా? ఇగ నాకేం ఇల్లు నిలుస్తది!" అని పకపకా నవ్వింది. నవ్వు ఆగినాక, దారం మళ్లీ ఎక్కిస్తూ, "ఒక్కపారి దాని ఊరికి పోయి, అది పానంతోని ఉంటే ఎట్లుంటదో జూసొద్దాం పారా" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఉంగరాల్లో పెట్టే ఎర్ర పగడం వేరు, అది ఎక్కడో లోతైన చల్లటి సముద్రాల్లో పుడుతుంది, మన రామేశ్వరం దిబ్బల పగడం వేరు. ఆ సంగతి చాలా ఏళ్లకు ఏదో పుస్తకంలో చదివితే గాని నాకూ తెలియలేదు. తెలిసేనాటికి చెప్పడానికి ఆమె లేదు. తెలిసి ఉన్నా ఆమె కోరిక ఆగేదనుకోను. తన పేరు మీద ఏరిన పగడం తనకు ఏమీ చేయలేకపోయిందని ఆమెకు దాని మీద కోపం లేదు, ఒక రకమైన చుట్టరికం ఉండేది. జీవితంలో ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అడిగిన మొదటి కోరిక అది. దాన్ని తీర్చాలని నేను పట్టుబట్టాను, ఆ వయసులో పట్టుదలకేం తక్కువ.

కాని పెళ్లి కాని ఆడమనిషి సముద్రంలో రాళ్లు చూడటానికి పోతానంటే బజారంతా నవ్వుతుంది. అదే రామేశ్వర యాత్ర అంటే చేతులెత్తి మొక్కుతుంది. అందుకని నేనూ, అత్తా కలిసి దానికి రామేశ్వరం అని పేరు పెట్టాం. పగడాల సంగతి మా ఇద్దరికే తెలుసు. మా తెలివికి మేమే మురిసిపోయాం. నాయన వద్దనలేదు. "పుణ్యమే గదా అక్కా, పోయి రా, పోరడు ఎంట ఉంటడు" అన్నాడు. ఆ రోజు మేము చేసిన పొరపాటు ఎంతటిదో మాకు తెలియదు. ఊరికే ఊరు చూడటానికి పోయేవాడికి బండి టైము ఒక్కటే అడ్డం, యాత్రకు పోయేవాడికి పంచాంగమంతా అడ్డమే.

మొదటి సంవత్సరం కాజీపేట స్టేషన్లో వరసలో నిలబడి మద్రాసు దాకా టికెట్లు తెచ్చాను. అక్కడి నుంచి రామేశ్వరం బండికి రిజర్వేషన్ కోసం టెలిగ్రాం పోయేది, అది దొరికిందో లేదో మద్రాసులో దిగితే గాని తెలియదు. అత్త మురుకులు, అప్పాలు చేసి డబ్బాల్లో పోసింది. అంతలో మూఢం వచ్చింది, మూఢంలో యాత్ర ఏమిటని పంతులు ఆపాడు. మూఢం పోయేసరికి నా పరీక్షలు. ఆ పై ఏడు మా పెద్దక్క పురిటికొచ్చింది. ఆ తర్వాత నాయనమ్మ పోయింది, ఏడాది తిరిగేదాకా తీర్థయాత్ర కూడదన్నారు. ఏడాది తిరిగింది, మేడారం జాతర వచ్చింది. జాతర ఏడు మా ఇల్లు సత్రమే, వచ్చే చుట్టాలు, పోయే చుట్టాలు, వాళ్ల కోళ్లు, వాళ్ల బెల్లం. కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు గాని, మా ఇంట్లో వాటి రెంటి కోసం ఆమె ప్రయాణమే ఆగేది. ప్రయాణం ఆగిన ప్రతిసారీ ఆ మురుకులు, అప్పాలు మా పాలబడేవి. చిన్నపిల్లలైతే అత్త రామేశ్వరం ఎప్పుడు పోతదని అడిగేవాళ్లు కాదు, ఎప్పుడు ఆగిపోతదని అడిగేవాళ్లు. ఆమె నవ్వేది. మొదట్లో నిజంగానే నవ్వేది.

ఎనభైలు వచ్చేసరికి నాకు పరకాల దిక్కు ఒక పల్లెలో సైన్సు టీచరు ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది. ప్రతి వేసవి సెలవులకు ముందు నా కాలేజీ నాటి అట్లాసు తీయడం, మళ్లీ అవే బండ్ల వేళలు రాసుకోవడం, మళ్లీ టికెట్ల వరసలో నిలబడటం, నిజం చెప్పాలంటే నాకు విసుగొచ్చింది. అత్త మీద కాదు. ప్రతిసారీ కొత్తగా ఉత్సాహం తెచ్చుకోవడం మీద. పోకుండానే అలసిపోవడం ఎలాగో మా ఇద్దరికీ బాగా తెలిసిపోయింది.

చివరికి ఒక సంవత్సరం అన్నీ కుదిరాయి. మూఢం లేదు, పురుడు లేదు, మైల లేదు. కాని బండి దొరికిన రోజు దక్షిణానికి వారశూల. అప్పుడు పంతులు దారి చెప్పాడు, ప్రస్థానం పెట్టమన్నాడు. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, బయల్దేరే రోజు బాగాలేకపోతే, ముందే మంచి ఘడియ చూసి ప్రయాణపు సామానులో ఒకటి తీసుకుపోయి వేరే ఇంట్లో పెడతారు, దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. ఇక ఆ వస్తువు ప్రయాణం చేయకుండా తిరిగి గడప లోపలికి రాకూడదు. అత్త తన బట్టల సంచి పక్కింటి పిన్నమ్మ వాళ్లింట్లో పెట్టి వచ్చింది. చుట్టం కాదు, వరస పెట్టి పిలుచుకునే పొరుగింటావిడ. ఆవిడ కూడా ఊరుకోక, కాశీ నుంచి ఎవరో తెచ్చిన గంగ చెంబు ఆ సంచిలో పెట్టి, "మీ చేతుల మీదికెల్లి రామేశ్వరంల పోయుండ్రి" అని మొక్కింది.

మర్నాడు పొద్దున మా చెల్లెలు నర్సంపేట బస్సు దిగి కొడుకును భుజాన వేసుకొని వచ్చింది. పిల్లవాడి కళ్లు పచ్చగా ఉన్నాయి. కామెర్లు. దవాఖానలో చూపించాం, మందు కన్నా పథ్యం ముఖ్యమన్నారు. వాడు అత్త చేత తప్ప ఎవరి చేతా గంజి మింగలేదు. చెల్లెలు ఏడుస్తూనే, "నువ్వు పో అత్తమ్మా, మేం జూసుకుంటం" అంది. నాయన కూడా, "ఫికర్ జెయ్యకు, పో అక్కా" అన్నాడు. ఎవరూ వద్దనలేదు. ఆమె చెంగు బిగించి పిల్లవాడి పక్కన కూర్చుంది. నేను కాజీపేట పోయి టికెట్లు వాపసు ఇచ్చి వచ్చాను. వచ్చేటప్పుడు సైకిలు తొక్కే సత్తువ కూడా లేక నడిపించుకుంటూ వచ్చాను.

పిల్లవాడు కోలుకున్నాడు. సంచి మాత్రం పిన్నమ్మ ఇంట్లో చిక్కుకుపోయింది. ప్రయాణం కాలేదు, కాబట్టి ఇంటికి తేరాదు. అందులో అత్త కళ్లద్దాలు కూడా ఉన్నాయి. అవి లేనిదే సన్నపగడాలకు బెజ్జం కనబడదు. నాయన కొత్తవి కొనిస్తానంటే, "ఉన్నయి గదరా, అవి ప్రయాణంల ఉన్నయి" అని కొననిచ్చేది కాదు. చాట పట్టుకొని పిన్నమ్మ వాళ్ల అరుగు మీదికి పోయి, అద్దాలు అక్కడే పెట్టుకొని, అక్కడే దండలు గుచ్చి, అద్దాలు సంచిలో పెట్టి వచ్చేది. సందులో వాళ్లు, "ఏం అత్తమ్మా, రామేశ్వరంల ఉన్నవా?" అని పరాచికాలాడేవాళ్లు. "ఆఁ, సముద్రం అవతలి ఒడ్డుకున్న" అనేది ఆమె. వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది. నాకు సెలవు దొరకలేదు, దొరికినప్పుడు బండి దొరకలేదు.

ఆ మాఘంలో పిన్నమ్మ కొడుకు పెళ్లి కుదిరింది. ఇంటికి సున్నం వేయించాలి, సామాను బయట పెట్టాలి. ఒకరి ఆగిపోయిన ప్రయాణం ఇంట్లో పెట్టుకొని శుభకార్యం ఎలా చేసేదని ఆవిడ మెల్లగా నసిగింది. తప్పు పట్టలేం. నాయన పంతులును పిలిపించాడు. ఆయన పంచాంగం తిరగేసి, ఆ సంచి పట్టుకొని ఊరి పొలిమేర దాటి, ఏదైనా జలం దగ్గరికి పోయి, అదే సేతువని తలచుకొని గంగ వదిలి, కాళ్లు కడుక్కొని వస్తే ప్రయాణం నెరవేరినట్టేనని తేల్చాడు. ఇంట్లో అందరి మీది నుంచి బరువు దిగిపోయింది. నాకూ దిగిందని చెప్పడానికి ఇప్పుడు మనసు రాదు గాని, దిగింది.

హసన్‌పర్తి చెరువుకు నేనే తీసుకుపోయాను. సిటీ బస్సులో ఆడవాళ్ల సీటులో, సంచి ఒళ్లో పెట్టుకొని, కొత్త చీర కట్టుకొని కూర్చుంది. కట్ట దిగి నీళ్ల దగ్గరికి పోయాం. ఎవరో గేదెలను కడుగుతున్నారు, దూరంగా కాలేజీ పిల్లలు సైకిళ్ల మీద పోతున్నారు. అత్త గంగ చెంబు వంచింది, కాళ్లు కడుక్కుంది, అద్దాలు తీసి పెట్టుకొని నీళ్లలోకి వంగి చూసింది. అడుగున బురద, నాచు తప్ప ఏముంటుంది? అయినా చాలాసేపు చూసింది. నాకు ఏడుపొచ్చింది. ఇది సంచి కోసం చేసిన తంతే అత్తా, ఈ ఎండాకాలం నిజంగానే పోదాం, పంతులునూ పంచాంగాన్నీ అడగకుండా బండెక్కుదాం అన్నాను.

"ఇగ వద్దురా" అంది. "నాకు ఓపిక లేదు."

బండిలో కూర్చోవడమే కదా అత్తా, నీకేమంత వయసైందని అన్నాను. ఆమె నావైపు చూడకుండా, నీళ్లవైపే చూస్తూ అంది.

"బండిల కూసునే ఓపిక గాదు బిడ్డా. మళ్ల మొదటి సంది పోవాలె పోవాలె అనుకునే ఓపిక. గది ఒడిసిపోయింది."

తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు కల్లాపి చల్లి ముగ్గు వేసి ఉంది. యాత్ర చేసి వచ్చినవాళ్ల కాళ్లు గడప బయటే కడిగి లోపలికి తీసుకోవడం మా వైపు ఆనవాయితీ. అమ్మ ఇత్తడి బిందెతో నీళ్లు తెచ్చి, పసుపు రాసి అత్త కాళ్లు కడిగింది. నాయన ఆ నీళ్లు నెత్తిన చల్లుకొని అక్క కాళ్లకు మొక్కాడు. అది వేళాకోళం కాదు, నటన కాదు, ఆయన కళ్లలో నిజంగా నీళ్లున్నాయి. పిన్నమ్మ వచ్చి మొక్కింది, సందులో ఆడవాళ్లు వరసగా వచ్చి మొక్కారు. పులిహోర, పరమాన్నం వండారు, సందులో అందరికీ పెట్టారు. అత్త దర్వాజా పట్టుకొని నిలబడి, ఒక్కొక్కరి తల మీద చేయి పెడుతూ, పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవించింది. వేలికి ఉంగరం అలాగే ఉంది. నేను అక్కడ నిలబడలేక దుకాణంలోకి పోయి కూర్చున్నాను.

ఆ రోజు నుంచి ఆమె పగడాల మాట ఎత్తలేదు. మా ఇంట్లో మాత్రం ఏదైనా పాత సంగతి వస్తే, అక్క రామేశ్వరం పోయొచ్చిన ఏడు అని నాయన అనేవాడు, అమ్మ అవుననేది, చిన్నపిల్లలు నమ్మేవాళ్లు. కొన్నాళ్లకు చెప్పేవాళ్లూ నమ్మారు. తొంభైలు రాకముందే, రెండు రోజుల జ్వరంతో, ఎవరి చేతా చాకిరీ చేయించుకోకుండానే అత్త పోయింది. పదో రోజున వచ్చిన చుట్టాలు, పెళ్లి లేకపోతేనేం, రామేశ్వరం చూసి పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పి ఎవరిని నొప్పించాలి?

ఇప్పుడు మా అమ్మాయికి వారశూల తెలియదు, మూఢం తెలియదు. ఒక చోటు చూడాలనిపిస్తే దానికి దేవుడి పేరు పెట్టాల్సిన పని లేదు, అడగాల్సిన మనిషి లేడు. మంచిదే. ఆ పిల్ల ఆడపిల్లగా పుట్టి అలా ఫోన్ మీద వేలు పెట్టి నిర్ణయం చేసుకోవడం చూస్తే నాకు కడుపు నిండుతుంది. అయితే కోరిక పుట్టడానికీ తీరడానికీ నడుమ చాయ్ చల్లారేంత వ్యవధి కూడా లేకపోతే, ఆ పగడాలు చూసినప్పుడు ఏమనిపిస్తుందో నాకు తెలియదు. సముద్రాలు వేడెక్కి ఆ దిబ్బలు కూడా తెల్లబారిపోతున్నాయని పేపర్లో రాస్తున్నారు. పోతాను, అమ్మాయి మాట కాదనలేను. అద్దంలోంచి చూస్తాను, బాగుందంటాను, ఫోటో దిగుతాను.

అప్పటి మనుషులు చెడ్డవాళ్లు కారు. ఈ వయసులో వెనక్కి తిరిగి ఎంత వెతికినా, అత్త ప్రయాణాన్ని అడ్డుకున్నవాడు ఒక్కడూ కనిపించడు. అందరూ పొమ్మన్నవాళ్లే. ఆ రోజుల్లో ఎవరైనా ఒక్కరు గట్టిగా, నువ్వు పోవడానికి వీల్లేదు అని ఉంటే, ఆ నోటి పదునుకు, ఆ పౌరుషానికి, మా అత్త ఆ పూటే కాజీపేటలో బండెక్కేది. మేమెవరమూ అలా అనలేదు. అందరం ఆమెను ప్రేమగానే చూసుకున్నాం, ఆమె లేనిదే మాకు పూట గడవదు కనుక.